పీడకల ముందు, పురాణం తరువాత: నూమెనార్ ప్రళయ గాథలోని చిక్కుముళ్లు

"ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్" చదివినవారికి నూమెనార్ అనే పేరు అక్కడక్కడా తగులుతూనే ఉంటుంది కానీ, చివరనున్న అనుబంధాల్లోని క్లుప్త ప్రస్తావన తప్ప, దాని కథ ఆ నవలలో ఎక్కడా పూర్తిగా దొరకదు. పడమటి సముద్రంలో ఒకప్పుడు ఒక గొప్ప ద్వీపరాజ్యం ఉండేదని, అది ఉన్నపళంగా మునిగిపోయిందని, గోండోర్ రాజ్యాన్ని స్థాపించినవారు అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమందేనని మాత్రం తెలుస్తుంది. రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1973లో మరణించాక ఆయన కుమారుడు క్రిస్టఫర్ 1977లో ప్రచురించిన "ద సిల్మరిల్లియన్"లో "అకల్లబేత్" అనే భాగాన్ని చదివితే గాని అసలు వృత్తాంతం చేతికి రాదు. చేతికి వచ్చిన తరువాత కూడా చిక్కు తీరకపోగా ఇంకొంత బిగుస్తుంది. ఎందుకంటే ఈ ప్రళయం ఆ కల్పిత లోకపు చరిత్రలో ఒక సంఘటన మాత్రమే కాదు. ఆ లోకంలోని మనుషులకు వంశపారంపర్యంగా వచ్చే పీడకల కూడా. పైగా అదే పీడకల రచయితకూ వచ్చేది. ప్రళయం జరిగింది కాబట్టి దాని జ్ఞాపకం కలలోకి వస్తున్నదని ఆ కథలోని పాత్రలు అనుకోవచ్చు. కథ పుట్టిన క్రమం మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. ఈ రెండు క్రమాలను కలగలిపి చదవడం వల్లనే నూమెనార్ గురించి చాలా వాదనలు దారి తప్పుతుంటాయని నా అభిప్రాయం.

ముందుగా ఆ లోకం లోపలి కథ. మొదటి యుగాంతంలో చీకటి ప్రభువైన మోర్గోత్‌తో జరిగిన యుద్ధంలో చావులేని ఎల్ఫ్‌ జాతి పక్షాన నిలిచిన మానవ వంశాలకు, ప్రపంచాన్ని పాలించే దివ్యశక్తులైన వాలార్ ఇచ్చిన బహుమతి ఆ ద్వీపం. అక్కడి మనుషులకు మామూలు మనుషులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆయుష్షు ఉండేది. తొలి రాజు ఎల్రోస్ అయిదు వందల ఏళ్లు జీవించాడు. ఇంతటి వరానికి పెట్టిన షరతు ఒక్కటే: తమ తీరం కనుమరుగయ్యేంత దూరం పడమటికి ఓడలు నడపకూడదు. ఆ దిక్కున వాలార్ నివసించే అమరభూమి ఉంది. దాన్ని చూస్తే చావులేని బతుకు మీద ఆశ పుడుతుందన్నదే ఆ నిషేధం వెనుక ఉన్న భయం. తొలి తరాల వారికి ఈ షరతు బరువనిపించలేదు. తమ సమయం వచ్చిందని తోచినప్పుడు రాజులు తమంతట తామే ప్రాణం విడిచేవారు. శతాబ్దాలు గడిచేకొద్దీ మరణం వారికి వరంగా కాక శిక్షగా కనిపించసాగింది. పదమూడవ రాజు తార్-అతనమీర్ కాలం నాటికి ప్రాణాన్ని ఇష్టపూర్వకంగా వదలడమే మానేశారు. వాలార్ దూతలు వచ్చి, ఆ నేల ఎవరినీ అమరులను చేయదని, అమరులు నివసించడం వల్లనే దానికి ఆ పేరు వచ్చిందని నచ్చజెప్పబోయినా రాజు చెవికెక్కలేదు. చావును గెలవలేనివారు శవాలను చెడకుండా నిలిపే విద్యలో ఆరితేరారు, ఇళ్లకంటే ఘనమైన సమాధులు కట్టుకున్నారు. విచిత్రమేమిటంటే ఆయుష్షుకోసం తాపత్రయపడినకొద్దీ వారి ఆయుష్షు తగ్గుతూనే వచ్చింది.

రెండవ యుగం 3255లో ఆర్-ఫరజోన్ న్యాయంగా రాణి కావలసిన మీరియల్‌ను బలవంతంగా పెళ్లాడి సింహాసనాన్ని కాజేశాడు. తూర్పున మిడిల్ ఎర్త్ అనే భూభాగంలో విజృంభిస్తున్న, మోర్గోత్ అనుచరుడైన సౌరాన్ మీదికి పెద్ద సైన్యంతో దండెత్తి, 3262లో అతన్ని బందీగా పట్టి తెచ్చాడు. నిజానికి సౌరాన్ కావాలనే లొంగిపోయాడు. బందీగా వచ్చినవాడు కొద్దికాలంలోనే రాజుకు ఆంతరంగికుడయ్యాడు. రాజధాని నడిబొడ్డున అతను కట్టించిన ఆలయం వర్ణన ఈ గాథలోకెల్లా నిర్దిష్టమైనది: అడుగున అయిదు వందల అడుగుల వ్యాసం, యాభై అడుగుల మందమున్న గోడలు, అయిదు వందల అడుగుల ఎత్తు, పైన వెండి తాపడం చేసిన గుమ్మటం. ఆ వెండి ఎన్నాళ్లో మెరవలేదు. లోపల రగిలే బలిపీఠపు పొగకు త్వరలోనే నల్లబడింది. అక్కడ మొదటి మంట వేసింది రాజవంశానికి ప్రాణచిహ్నంగా భావించిన నిమ్లోత్ అనే తెల్లని చెట్టును నరికి తెచ్చిన కట్టెలతోనే. తరువాత ఆ మంటకు మనుషులను బలిచ్చారు. మరణం నుంచి విముక్తి కోరుతూ మరణాన్ని నైవేద్యం పెట్టడంలోని వైపరీత్యాన్ని కథకుడు ఎక్కడా వ్యాఖ్యానించకుండా వదిలేస్తాడు; ఆ సంయమనం నాకు చాలా నచ్చుతుంది.

3310లో రాజు అంతకుముందెన్నడూ లేనంత పెద్ద నౌకాదళాన్ని సిద్ధం చేయించడం మొదలుపెట్టాడు. 3319లో అది నిషేధాన్ని దాటి అమరభూమి తీరానికి చేరింది. అప్పుడు వాలార్ స్వయంగా యుద్ధం చేయలేదు. తమకు అప్పగించిన లోకపాలనను పక్కనపెట్టి సృష్టికర్త ఇలూవతార్‌ను పిలిచారు. ఆయన ప్రపంచపు ఆకారాన్నే మార్చేశాడు. సముద్రం రెండుగా చీలింది, అప్పటివరకు బల్లపరుపుగా ఉన్న భూమి గుండ్రంగా వంగింది, అమరభూమి ఓడలకు అందకుండా ఈ లోకం నుంచే వేరైపోయింది. నౌకాదళం బయలుదేరిన ముప్ఫై తొమ్మిదవ రోజున, ఎవరూ ఊహించని వేళ, ద్వీపం మధ్యలో ఉన్న మెనెల్తార్మా పర్వతం నుంచి నిప్పులు ఎగసి, భూమి కంపించి, నూమెనార్ సముద్రంలో కలిసిపోయింది. రాణి మీరియల్ పర్వతశిఖరం మీది పవిత్రస్థలానికి ఎక్కడానికి చివరి నిమిషంలో ప్రయత్నించింది కానీ, నీళ్లు ఆమెను నిటారు దారిలోనే అందుకున్నాయి. ఆమె కేక గాలిహోరులో వినబడకుండా పోయింది. వాలార్ పట్ల విధేయత వీడనందుకు రాజద్రోహులుగా ముద్రపడిన "విశ్వాసులు" మాత్రం ఎలెండిల్, అతని కొడుకులు ఇసిల్దూర్, అనారియన్‌ల నాయకత్వంలో తొమ్మిది ఓడల్లో తూర్పుకు కొట్టుకొచ్చారు. వారు స్థాపించినవే ఆర్నోర్, గోండోర్ రాజ్యాలు.

ఇంతవరకు చెప్పినది చదివితే ఇది దర్పానికి తగిన శిక్ష అనే సూటి నీతికథలా కనిపిస్తుంది. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసింది ఈ వృత్తాంతాన్ని ఎవరు చెబుతున్నారన్నది. అకల్లబేత్‌ను ఎలెండిల్ స్వయంగా రచించాడని, అది గోండోర్‌లో భద్రంగా నిలిచిందని ఆ లోకపు సంప్రదాయం. అంటే ఇది బతికి బయటపడిన పక్షపు నాయకుడి కథనం. మునిగినవారి తరఫున మాట్లాడటానికి ఎవరూ మిగలలేదు. ఈ సంగతి టోల్కీన్‌కు బాగా తెలుసు. 1930లలో రాసిన తొలి రూపం తరువాత, 1946 ప్రాంతంలో ఆయన "ద డ్రౌనింగ్ ఆఫ్ అనదూనే" పేరుతో ఇదే కథను మళ్లీ రాశారు. అందులో ఎల్ఫ్‌లకూ వాలార్‌కూ మధ్య తేడా మసకబారి ఉంటుంది. భూమి మొదటి నుంచీ గుండ్రంగానే ఉందన్న సూచన కూడా కనిపిస్తుంది. అది ఆయన పొరపాటు కాదు. వేల ఏళ్ల తరువాత మనుషుల నోళ్లలో నలిగిన పురాణం ఎలా ఉంటుందో అలా కావాలని రాసినదది. ఎల్ఫ్‌ల సంప్రదాయం ఒకటి, మనుషుల సంప్రదాయం మరొకటి, రెండూ కలిసిన గోండోర్ సంప్రదాయం ఇంకొకటి అని ఆయన తన కాగితాల్లో విడదీసి రాసుకున్నారు; ప్రచురితమైన అకల్లబేత్ ఈ మూడవ కోవకు చెందుతుంది. కాబట్టి "భూమి నిజంగా బల్లపరుపుగా ఉండేదా?" అని అభిమానులు వాదించుకోవడం కన్నా, ఎవరి జ్ఞాపకంలో బల్లపరుపుగా ఉండేది అని అడగడమే మేలు.

ఎలెండిల్ పక్షపు కథనమే అయినా దానిలో ఒక పగులు మిగిలిపోయింది. శిక్ష ఎవరి మీద ఎలా పడిందో జాగ్రత్తగా చూడండి. నిషేధాన్ని తుంగలో తొక్కి అమరభూమి మీద కాలుమోపిన ఆర్-ఫరజోన్‌ను అల తాకనే లేదు. అతనూ, అతనితో దిగిన యోధులూ కూలిన కొండల కింద చిక్కుకుని, అంతిమ యుద్ధం దాకా విస్మృతుల గుహల్లో బందీలుగా పడి ఉంటారని కథ చెబుతుంది. ఇంతటికీ మూలకారకుడైన సౌరాన్ ఆలయంలో కూర్చుని నవ్వుతూ ఉండగా అగాధంలో పడ్డాడు కానీ, అందమైన రూపాన్ని శాశ్వతంగా పోగొట్టుకోవడం తప్ప అతనికి నష్టమేమీ లేదు. ఆత్మగా లేచి తన స్థావరమైన మోర్డోర్‌కు తిరిగి వెళ్లాడు. ద్వీపంలో ఉండిపోయి మునిగిపోయినవారిలో పిల్లలు, స్త్రీలు ఉన్నారని కథకుడే పేర్కొంటాడు. అన్యాయానికి బలైన మీరియల్ కూడా వారిలోనే ఉంది. పడవ ఎక్కనివారందరూ పాపులేనని అకల్లబేత్ ఎక్కడా అనదు. అల వెనుక ఒక నైతిక కారణాన్ని నిలబెట్టడానికి కథ చాలా శ్రమపడింది. ఆ కారణం మాత్రం అల వెళ్లినంత దూరం వెళ్లలేకపోయింది. ఇది రచనాలోపమని అనేవారున్నారు. నాకు అలా అనిపించదు. ఆ అల అసలు ఈ కథకోసం పుట్టినది కాదన్న సంగతి తెలిస్తే, ఈ పగులు ఎందుకు ఉన్నదో అర్థమవుతుంది.

1955 జూన్‌లో కవి డబ్ల్యూ.హెచ్. ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో టోల్కీన్ తన కల గురించి చెప్పారు. పెద్ద అల ఒకటి నిటారుగా లేచి, ఆపడానికి వీలులేకుండా, చెట్ల మీదుగా పచ్చని పొలాల మీదుగా వచ్చేస్తుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కల వస్తూనే ఉంది. అది తనకు తల్లిదండ్రుల నుంచి సంక్రమించి ఉండవచ్చని, అయితే దాన్ని మాటల ద్వారా అందించేంత కాలం వారు బతకలేదని కూడా రాశారు. ఆయన తండ్రి 1896లో, తల్లి 1904లో పోయారు. ఇంకా ఆశ్చర్యమేమిటంటే ఆయన పిల్లల్లో ఒకరైన మైఖేల్‌కు కూడా అదే కల వచ్చేది. చాలాకాలం వరకు తండ్రికి కొడుకు సంగతి గాని, కొడుక్కి తండ్రి సంగతి గాని తెలియదు. 1964 నాటి మరో ఉత్తరంలో ఇంకొన్ని వివరాలున్నాయి: అల ఒక్కోసారి నిశ్చలమైన సముద్రంలోంచి లేస్తుంది, ఒక్కోసారి లోతట్టు నేల మీదికి విరుచుకుపడుతుంది, కల ఎప్పుడూ లొంగిపోవడంతోనే ముగుస్తుంది, లోతైన నీళ్లలోంచి పైకి వచ్చినట్టు ఊపిరికి తపిస్తూ మెలకువ వస్తుంది. దాన్ని బొమ్మలుగా గీసేవాడినని, దాని మీద నాసిరకం పద్యాలు రాసేవాడినని కూడా ఆయన చెప్పుకున్నారు.

ఈ వివరాలు రెండు ప్రచారాలను పక్కకు నెడతాయి. మొదటిది యుద్ధం. టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధరంగంలో ఉన్నారు కాబట్టి ఆయన పీడకలలన్నీ కందకాల నుంచి వచ్చినవేనని తేల్చేయడం సులభం. కానీ ఈ కల ఊహ తెలిసిన నాటి నుంచీ ఉన్నదని ఆయనే చెప్పాక, అప్పటికి ఇరవై నాలుగేళ్ల యువకుడి అనుభవం దానికి మూలం కాజాలదు. రెండవది భూగర్భశాస్త్రం. సుమారు 8,150 ఏళ్ల క్రితం నార్వే తీరానికి ఆవల సముద్రగర్భంలో విరిగిపడ్డ స్టొరెగ్గా చరియ వల్ల సునామీ లేచి స్కాట్లాండ్ తీరాన్ని ముంచిందన్నది నిజమే. దాని జ్ఞాపకమే తరతరాలుగా మిగిలి ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడి నిద్రలోకి వచ్చిందనుకోవడం ఆకర్షణీయంగా ఉంటుంది కానీ, అలాంటి జ్ఞాపకం ఎనిమిది వేల ఏళ్లు రక్తంలో ప్రయాణించగలదనడానికి ఆధారం లేదు. ఈ ఊహ విచిత్రంగా మరోచోటికి దారితీస్తుంది: సరిగ్గా ఇదే ఊహను టోల్కీన్ తన కల్పనకు యంత్రాంగంగా వాడుకున్నారు.

1936 ప్రాంతంలో ఆయనకూ మిత్రుడు సి.ఎస్. లూయిస్‌కూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఒకరు అంతరిక్షయానం మీద, మరొకరు కాలయానం మీద కథ రాయాలి. లూయిస్ తన వంతు పూర్తిచేశారు. అది 1938లో "అవుట్ ఆఫ్ ద సైలెంట్ ప్లానెట్"గా వెలువడింది. టోల్కీన్ మొదలుపెట్టిన "ద లాస్ట్ రోడ్" అసంపూర్తిగా ఆగిపోయింది. అందులో కాలయంత్రం లేదు. ఆధునిక కాలపు తండ్రీకొడుకుల జంట ఒకటి, తరువాత చరిత్రలో వెనక్కి వెనక్కి వెళుతూ మరికొన్ని తండ్రీకొడుకుల జంటలు, చివరికి నూమెనార్‌లో ఎలెండిల్, అతని కొడుకు. ఒక తరం నుంచి మరో తరానికి దారి నిద్రలోనే. ఎవరూ నేర్పని భాషల ముక్కలు కలలో వినిపిస్తాయి, ఎన్నడూ చూడని దేశం మీద బెంగ పుడుతుంది. తనకూ కొడుక్కూ ఒకే కల వస్తుందన్న సంగతి అప్పటికింకా ఆయనకు తెలియదనుకుంటే, ఈ నిర్మాణం మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది.

1945–46లో అదే ఆలోచనను "ద నోషన్ క్లబ్ పేపర్స్"లో మళ్లీ ఎత్తుకున్నారు. ఇందులో ప్రళయం కలగా ఉండిపోదు, మెలకువలోకి జొరబడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు మిత్రులు సమావేశమై మాట్లాడుకుంటుండగా పెనుతుఫాను రేగుతుంది. వారిలో లౌడమ్ అనే వ్యక్తి కిటికీ దగ్గరకు పోయి, పడమటి ప్రభువుల గద్దలు నూమెనార్ మీదికి వస్తున్నాయని కేకలు పెడతాడు; అతనూ, జెరెమీ అనే మరో సభ్యుడూ ఆ రాత్రి మునిగిపోతున్న ద్వీపంలో ఉన్నవారిలాగే మాట్లాడతారు, తమ ఎదుట ఉన్న మిత్రులను గుర్తుపట్టరు. కథలో ఈ తుఫాను తేదీ 1987 జూన్ 12. నిజంగానే 1987 అక్టోబరులో దక్షిణ ఇంగ్లాండ్‌ను ఒక మహా తుఫాను అతలాకుతలం చేయడంతో కొందరు దీన్ని భవిష్యవాణిగా చెప్పుకుంటారు. నాలుగు నెలల తేడాతో కుదిరిన యాదృచ్ఛికం అది. అంతకుమించి దానిలో వెతకనక్కరలేదు. ఈ రచన కూడా పూర్తికాలేదు. రెండుసార్లు నవలగా పట్టాలెక్కించబోయి విఫలమైన ఆ కల, మూడోసారి ఒక పెద్ద నవలలో రెండు మూడు వాక్యాలుగా కుదురుకుంది.

ఆ వాక్యాలు "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్"లో గోండోర్ రాజప్రతినిధి కొడుకైన ఫరామిర్‌వి. మూడవ యుగం 3019 మార్చి 25న గోండోర్ రాజధాని మినాస్ తిరిత్‌లో చికిత్సాలయపు గోడ మీద అతనూ, పొరుగు రాజ్యమైన రోహన్ రాజు మేనకోడలు ఎయోవిన్ నిలబడి ఈశాన్యంగా చూస్తున్నారు. యుద్ధం ఏమైందో వారికి తెలియదు. గాలి ఆగిపోయింది, చప్పుడు లేదు. ఫరామిర్ నూమెనార్ జ్ఞాపకం వస్తున్నదంటాడు. పచ్చని నేలల మీదుగా కొండలను దాటి లేచి వచ్చే నల్లని అల, తప్పించుకోలేని చీకటి. అది తనకు తరచూ కలలోకి వస్తుందని చెబుతాడు. ఈ మాటల్లో రాజు లేడు, నిషేధం లేదు, ఆలయం లేదు, పాపం ప్రసక్తే లేదు. అకల్లబేత్‌ను ఎరిగిన గోండోర్ విద్యావంతుడు కలను చెప్పేటప్పుడు దాని నీతిని పూర్తిగా వదిలేశాడు. నైతిక కారణం అల వెళ్లినంత దూరం వెళ్లలేదని ఇంతకుముందు అన్నది ఇందుకే. కల పాతది, కారణం కొత్తది. పురాణం కలకు కారణాన్ని సమకూర్చింది; కల మాత్రం ఆ కారణాన్ని తనలో కలుపుకోలేదు.

ఫరామిర్ ఆ మాట అనడానికి సరిగ్గా ముందే దూరపు కొండల మీదుగా మరో చీకటి కొండ పైకి లేస్తుంది. లోకాన్ని మింగేసే అలలా అది పెరుగుతుందని, దాని చుట్టూ మెరుపులు మెరుస్తున్నాయని, కోట గోడలు వణికాయని టోల్కీన్ రాస్తారు. కల నిజమవుతున్నట్టే ఉంది. ఇంతటి విధ్వంసం యుగాంతానికి సూచన కావాలని తన బుద్ధి చెబుతున్నా, మనసు మాత్రం కాదంటున్నదని ఫరామిర్ అంటాడు. మనసే గెలిచింది: అది సౌరాన్ తన శక్తిని నింపుకున్న ఉంగరం నాశనమై అతను కూలిపోతున్న క్షణం. నూమెనార్‌లో అల వచ్చినప్పుడు మనుషులు మునిగి సౌరాన్ తప్పించుకున్నాడు. ఇక్కడ అల ఆకారంలో లేచింది సౌరాన్ పతనమే, మనుషులు ఎండలో నిలబడి ఉన్నారు. పీడకలలకు నేడు చేసే చికిత్సల్లో ఒకదానిలో, కలను మెలకువలో రాసుకుని, దాని ముగింపును మార్చి, మారిన రూపాన్ని రోజూ మనసులో నెమరువేసుకోమంటారు. టోల్కీన్‌కు అలాంటి ఉద్దేశం ఉందని నేను అనను. అకల్లబేత్‌లో ఆయన ముగింపును ఏమాత్రం మార్చలేదు కూడా. మార్చింది ఈ గోడ మీది దృశ్యంలోనే. అదీ కల చెప్పిన వ్యక్తి కళ్లెదుటే మార్చారు.

రాయడం వల్ల కల పోయిందా అన్న ప్రశ్నకు ఆయన సమాధానాలు రెండు రకాలుగా ఉన్నాయి. నూమెనార్ పతనాన్ని రాసిన తరువాత ఆ కల మళ్లీ వచ్చినట్టు లేదని 1955లో అన్నారు. 1964లో మాత్రం, రాయడంతో దాని పీడ వదిలినా, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉంటుందని రాశారు. రెండో మాటనే నమ్మడం మంచిది. మొదటిది నవల మూడో సంపుటం అచ్చుకు వెళుతున్న ఉత్సాహంలో రాసినది, రెండోది తొమ్మిదేళ్ల నిద్ర తరువాత రాసినది.

ఇక మిగిలింది, ఆ కల ఫరామిర్‌కే ఎందుకు దక్కిందన్నది. వంశం లెక్కన చూస్తే అది ఆ నవలలో చివరికి గోండోర్ రాజయ్యే అరగోర్న్‌కు రావాలి. ఇసిల్దూర్ నుంచి తెగకుండా వచ్చిన వారసుడు అతనే. ఫరామిర్ గోండోర్ రాజప్రతినిధి కొడుకు మాత్రమే. అతనిలో నూమెనార్ రక్తం దాదాపు స్వచ్ఛంగా ప్రవహిస్తున్నదని మాంత్రికుడు గాండాల్ఫ్ అంటాడు కాబట్టి కథలోపలి సమర్థన ఒకటి ఉంది. కానీ కలలకు రక్తమే హద్దయితే నూమెనార్‌తో ఏ సంబంధమూ లేని, హాబిట్ అనే పొట్టి జాతికి చెందిన మెర్రీ, దారిలో ఆశ్రయమిచ్చిన టామ్ బాంబడిల్ ఇంట్లో పడుకున్న రాత్రి నీళ్లు మెల్లగా ఇంటిచుట్టూ చేరి, దరిలేని నల్లటి మడుగుగా పెరిగి తనను ముంచేస్తాయేమోనని ఎందుకు కలగన్నాడు? ఆ పోలిక యాదృచ్ఛికమే కావచ్చు. ఫరామిర్ విషయంలో మాత్రం కథ బయటి కారణాన్ని రచయితే చెప్పారు. ఆ కలను ఫరామిర్‌కు వీలునామాగా రాసిచ్చానని ఆడెన్‌కు చెప్పిన మరుసటి ఏడాది, 1956లో ఒక ఉత్తరంలో, తన పాత్రల్లో తనను పోలినవాడెవరైనా ఉంటే అది ఫరామిరేనని రాశారు. వెంటనే, తన పాత్రలన్నింటికీ ఉన్న ధైర్యం తనకు లేదని, ఈ సంగతిని మనోవిశ్లేషకులు గమనించవచ్చని కూడా చేర్చారు.